కుర్చీ తీసెయ్యమని చెప్పింది నేనే

మీరు అడిగింది ఇది: ఆదివాసుల మీద, అట్టడుగున ఉన్నవాళ్ళ మీద తీసిన డాక్యుమెంటరీ ఫోటోలకి పెద్ద పెద్ద అవార్డులు వస్తున్నాయి కదా, అలాంటి సిరీస్ చెయ్యాలంటే ఏ లెన్స్ వాడాలి, ఎన్నాళ్ళు తియ్యాలి, ఎక్కడ మొదలుపెట్టాలి?

లెన్స్ సంగతి ముందు తేల్చేస్తాను. 35 ఎంఎం. అది లేకపోతే మీ దగ్గర ఏది ఉంటే అది. అయిపోయింది. దూరంగా నిలబడి జూమ్‌తో లాగేవాళ్ళ మీద నాకు నమ్మకం లేదు. అవతలివాళ్ళు తిడితే వినబడేంత దగ్గర్లో ఉండి తియ్యాలి.

మిగతా దానికి జవాబు చెప్పాలంటే ఒక కుర్చీ గురించి చెప్పాలి.

నేను ఫోటోగ్రాఫర్‌ని కాను. ఒక ఫోటోగ్రాఫర్ వెంట పదకొండు రోజులు తిరిగాను, అంతే. ఈ లైన్లో మమ్మల్ని ఫిక్సర్లు అంటారు. దారి చూపించడం, ఇటు మాట అటు చెప్పడం, ట్రైపాడ్ మొయ్యడం, ఎవరికైనా కోపం వస్తే ముందుగా తిట్లు తినడం, అన్నీ అందులోకే వస్తాయి. ఫోటో కింద పేరు మాత్రం రాదు. ఆ పదకొండు రోజుల్లో తీసిన సిరీస్‌కి తర్వాత అవార్డు వచ్చింది. ఏ అవార్డో, ఆయనెవరో చెప్పను. మంచి మనిషే. చెడ్డవాడై ఉంటే ఇది చెప్పడం నాకు సులువయ్యేది.

ఆరో రోజు కొండ మీద ఒక పల్లెకి వెళ్ళాం. మేం వస్తున్నామని ఎవరో ముందే చెప్పినట్టున్నారు. ఒక అవ్వ ఇంట్లో ఉన్న ఒకే ఒక్క కుర్చీ, ఎర్ర ప్లాస్టిక్ కుర్చీ, బయటికి తెచ్చి కొంగుతో తుడిచి వేసింది. ఆయన కూర్చోలేదు, వెలుతురు పోతోందని తొందర. సరేలే అని అవ్వే కూర్చుంది, కాలు మీద కాలు వేసుకుని. కూర్చుని ఆ కుర్చీ కథ మొదలుపెట్టింది. కొడుకు దాన్ని బస్సు టాప్ మీద వేసి తెచ్చాడట. బస్సు దిగి కొండెక్కుతుంటే వాన పట్టుకుందట. కుర్చీని నెత్తి మీద బోర్లించుకుని నడిచాడట. కింద నుంచి చూసినవాళ్ళకి మనిషి కనబడక, కుర్చీ ఒక్కటే నడిచొస్తోందని ఊరంతా బయటికి వచ్చి చూశారట. చెబుతూ తను నవ్వింది, వింటూ నేను నవ్వాను, చుట్టూ చేరిన పిల్లలు ఆ కథ వందోసారి విన్నట్టు ముందే నవ్వేశారు.

"ఏమంటోంది?" అన్నారాయన.

"కుర్చీ గురించి" అన్నాను.

అంతే. ఆ కథంతటికీ నేను చేసిన తర్జుమా ఆ రెండు ముక్కలు.

ఆయన వ్యూఫైండర్‌లోంచి చూస్తూ, ఆ కుర్చీ ఫ్రేమ్‌ని పాడు చేస్తోంది, తీసెయ్యమను, గుమ్మంలో కింద కూర్చోమను అన్నారు. నేను చెప్పాను. ఏ మాటలతో చెప్పానో కూడా గుర్తుంది. "అవ్వా, ఫోటోలో కుర్చీ కనబడకూడదంట. కింద కూర్చుంటావా?"

"ఏం బాబూ, కుర్చీ బాగోలేదా?"

"బాగుంది అవ్వా. ఫోటోకి బాగోదంట."

లేచింది. కుర్చీ ఎవర్నీ ముట్టుకోనివ్వకుండా తనే లోపల పెట్టి వచ్చింది. గుమ్మంలో కూర్చుంది. నవ్వు ఇంకా పూర్తిగా తగ్గలేదు, అందుకని ఆయన ఆగారు. పావుగంట పైనే ఆగి ఉంటారు. అవ్వకి విసుగొచ్చి ఎటో చూస్తున్నప్పుడు తీశారు.

గెలిచింది ఆ ఫోటోయే. బ్లాక్ అండ్ వైట్. కింద క్యాప్షన్‌లో, కనుమరుగవుతున్న అడవి వైపు చూస్తున్న ఆదివాసీ వృద్ధురాలు అని అర్థం వచ్చే వాక్యం ఒకటి. ఆవిడ చూసింది అడవిని కాదు. పెరట్లోకి దూరబోతున్న పక్కింటి మేకని. ఆ ఫోటో తీసిన మరుక్షణం లేచి దాన్ని అదిలించడానికి వెళ్ళింది. ఆ సంగతి ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు.

ఇదేదో మా ఫోటోగ్రాఫర్ ఒక్కడి బుద్ధి అని చాలాకాలం అనుకున్నాను. తర్వాత చదివితే తెలిసింది, ఇది నూరేళ్ళ పైబడిన అలవాటు. అమెరికాలో ఎడ్వర్డ్ కర్టిస్ అని ఒకాయన మూలవాసుల తెగల్ని ఫోటోలు తీస్తూ 1907 నుంచి 1930 దాకా 20 సంపుటాలు వేశాడు. అందులో 1910లో తీసిన ఫోటో ఒకటుంది. పీగన్ తెగకి చెందిన తండ్రీకొడుకులు తమ గుడారంలో కూర్చుని ఉంటారు. ఇద్దరి మధ్యా ఒక గడియారం. పుస్తకంలో అచ్చయిన ఫోటోలో గడియారం లేదు. చెరిపేశారు. అసలు ఫోటో లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో ఉంది కాబట్టి సంగతి బయటపడింది, లేకపోతే వాళ్ళకి గడియారమే తెలియదని మనం నమ్మి ఉండేవాళ్ళం. ఆ గడియారం గురించి చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు. దాన్ని చెరిపినవాడెవడో కూడా నాలాగే చెప్పింది చేసి ఉంటాడు.

చెరపడం అనగానే ఇంకోటి గుర్తొస్తోంది. 1936 మార్చిలో కాలిఫోర్నియాలోని నిపోమో దగ్గర, బఠాణీ కోత కూలీల గుడారాల్లో డొరతియా లాంగ్ తీసిన తల్లీపిల్లల ఫోటో మీరు చూసే ఉంటారు, పిల్లలు మొహాలు తిప్పుకుని అమ్మ భుజాల మీద వాలి ఉంటారు. ఆ ఫోటో మూలలో గుడారపు గుంజని పట్టుకున్న బొటనవేలు ఒకటి ఉండేది. దాన్ని 1939లో నెగెటివ్ మీదే మరుగు చేయించారు. వేలు సరే. ఆ తల్లి పేరు ఫ్లోరెన్స్ ఓవెన్స్ థాంప్సన్ అనీ, ఆవిడ చెరోకీ మూలాలున్న మనిషనీ లోకానికి తెలిసింది 1978లో. అంటే 42 ఏళ్ళు. ఆ ఫోటో వల్ల తనకి పైసా రాలేదనీ, అసలు తియ్యకుండా ఉంటే బాగుండేదనీ అప్పుడావిడ చెప్పింది. స్టీవ్ మెక్‌కరీ 1984లో పెషావర్ దగ్గర శరణార్థి శిబిరంలో తీసిన ఆకుపచ్చ కళ్ళ అమ్మాయి ఫోటో కూడా అంతే. 1985లో పత్రిక ముఖచిత్రమై ప్రపంచమంతా తిరిగింది. షర్బత్ గులా అనే పేరు దొరికింది 2002లో. ఆ ఫోటోని ఆవిడ మొదటిసారి చూసిందీ అప్పుడే.

పేరు అడగడానికి ఎంతసేపు పడుతుంది చెప్పండి? నేను పక్కనే ఉన్నాను, నాకు అవ్వ పేరు తెలుసు. క్యాప్షన్ రాసేటప్పుడు నన్నెవరూ అడగలేదు, నేనూ చొరవ తీసుకుని చెప్పలేదు. అదే ఫోటోలో మంత్రిగారు ఉండి ఉంటే ఇంటిపేరుతో సహా వేసేవాళ్ళు.

ఇక్కడ ఇంకో మంట కూడా కక్కేస్తాను. "గొంతు లేనివాళ్ళకి గొంతునిచ్చే ఫోటోలు" అని ప్రతి ఎగ్జిబిషన్ గోడ మీదా రాస్తారు. ఆ పదకొండు రోజుల్లో నేను కలిసినవాళ్ళలో గొంతు లేనివాళ్ళు ఒక్కరూ లేరు. భూమి గురించి, ఫారెస్టు వాళ్ళ గురించి, వియ్యంకుల గురించి పొద్దున్న మొదలుపెడితే రాత్రి దాకా చెప్పారు. మాకు భాష రాదు, లేదా నాలాగా వచ్చినా చెప్పే ఓపిక లేదు. అది మా చెవి జబ్బు. పోటీలకి ఎంట్రీ ఫీజు పెట్టి, ఆ ఫీజు కట్టగలిగినవాళ్ళ ఫోటోలే ఏరి, పేదరికం మీద బహుమతులిచ్చే సంస్థల గురించి మాట్లాడను. మొదలుపెడితే మీ ప్రశ్న పూర్తిగా తప్పిపోతుంది. ఇప్పటికే కొంత తప్పింది.

గెలిచే ఫోటోల్లో నవ్వు కనబడడం అరుదు. నేను కూర్చుని లెక్కపెట్టలేదు, పెట్టక్కర్లేదు కూడా. జ్యూరీ ముందు వేల ఫోటోలు గబగబా వెళ్ళిపోతుంటాయి, ఆ వేగంలో దుఃఖం చప్పున అందుతుంది, కుర్చీ మీద కూర్చుని నవ్వే ముసలావిడ అందదు. ఆ దుఃఖం కోసం ఎంత దూరమైనా పోతారు. ఉత్తరప్రదేశ్, మధ్యప్రదేశ్ పల్లెల్లో బల్లల మీద నకిలీ తిండి పరిచి, పేదవాళ్ళని కళ్ళు మూసుకుని కల గనమని తీసిన ఫోటోల మీద 2018లో ఎంత గొడవైందో గుర్తుందా? తీసినాయన తర్వాత క్షమాపణ చెప్పాడు.

అలాగని తీసేవాళ్ళందరినీ ఒకే గాటన కట్టను. క్లాడియా అందుహార్ గురించి చదవండి. బ్రెజిల్‌లో యానోమామీ అనే ఆదివాసుల దగ్గరికి ఆవిడ మొదటిసారి 1971లో వెళ్ళింది. తర్వాత కెమెరా ఒక్కటే పట్టుకుని కూర్చోలేదు. 1978లో, వాళ్ళ భూమిని కాపాడాలని కమిషన్ పెట్టినవాళ్ళలో తనూ ఒకరు. టీకాలు వేసే డాక్టర్లతో కలిసి అడవంతా తిరిగింది. ఆ భూమికి 1992లో హద్దులు గీసి గుర్తింపు ఇచ్చేదాకా పోరాడుతూనే ఉంది. టీకాల కార్డుల కోసం తీసిన ఫోటోల్లో మనుషుల మెడలో నంబర్లు వేలాడుతుంటాయి, ఎందుకంటే పేరు పైకి పలకడం వాళ్ళ పద్ధతి కాదు. ఆవిడ తండ్రి నాజీల చేతిలో చనిపోయిన యూదుడు. మనిషికి నంబరు తగిలించడమంటే ఏమిటో ఆవిడకి ఒకరు చెప్పక్కర్లేదు. పేరు వెయ్యాల్సిందేనని ఇందాక నేను గట్టిగా అన్నాను కదా, ఇది చదివాక ఆ మాట కొంచెం మార్చుకున్నాను. వెయ్యాలా వద్దా అన్నది కూడా వాళ్ళనే అడగాలి.

ఎన్నాళ్ళు తియ్యాలి అన్నారు. యూజీన్ స్మిత్, ఐలీన్ స్మిత్ దంపతులు జపాన్‌లోని మినమాటాలో పాదరసం విషానికి బలైనవాళ్ళని తియ్యడానికి 1971లో వెళ్ళి, మూడేళ్ళు అక్కడే కాపురం పెట్టారు. తల్లి తన కూతురు తోమోకోకి స్నానం చేయిస్తున్న ఫోటో అక్కడిదే. తోమోకో చనిపోయిన చాలా ఏళ్ళకి, ఆ బొమ్మ ఇంక ఎక్కడా తిరగకుండా ఉంటే బాగుండునని తల్లిదండ్రులకి అనిపించింది. 1998లో ఐలీన్ ఆ ఫోటో మీద నిర్ణయం వాళ్ళకే అప్పగించింది. నన్నడిగితే ఆ ఫోటో తియ్యడం ఎంత పెద్ద పనో, ఇలా అప్పగించడం కూడా అంతే పెద్ద పని.

దగ్గర్లో ఉదాహరణ కావాలంటే తమిళనాడులో పళని కుమార్‌ని చూడండి. పాకీ పనిలో, మురుగు కాలవల్లో ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్ళ కుటుంబాలని ఏళ్ళ తరబడి తీశాడు. చేపలమ్మే తన తల్లినీ తీశాడు. 2022లో దయానితా సింగ్–పారి డాక్యుమెంటరీ ఫోటోగ్రఫీ అవార్డు ఆయనకి వచ్చింది. ఆయన ఇప్పుడు పిల్లలకి, మత్స్యకార మహిళలకి కెమెరా పట్టడం నేర్పుతున్నాడు. వాళ్ళ ఫోటోల్లో ఎవరూ ఎవర్నీ కుర్చీ తీసెయ్యమనరు. అసలు మనిషే లేకుండా కూడా ఈ పని చెయ్యొచ్చు. 2022లో వరల్డ్ ప్రెస్ ఫోటో అవార్డు గెలిచిన ఆంబర్ బ్రాకెన్ ఫోటోలో ఒక్క మొహం లేదు. కెనడాలోని కామ్‌లూప్స్‌లో, ఇంటి నుంచి లాక్కెళ్ళి బడిలో పెడితే అక్కడే చనిపోయిన మూలవాసుల పిల్లల గుర్తుగా, రోడ్డు పక్కన శిలువలకి తగిలించిన ఎర్ర గౌన్లు, అంతే.

సరే, అవ్వ దగ్గరికి వస్తాను. అవార్డు వచ్చిన కొన్నాళ్ళకి ఆయన్ని ఫైల్ అడిగి, పెద్ద ప్రింట్ వేయించి, నేనే పట్టుకెళ్ళాను. ఆయన కూడా సంతోషంగా ఇచ్చారు. అవ్వ చేతులు కడుక్కుని వచ్చి తీసుకుంది. చాలాసేపు చూసింది.

"ఎవరు పోయారు?" అంది.

ఎవరూ పోలేదన్నాను. "మరి నేనెందుకిలా ఉన్నాను?" అంది. నా దగ్గర జవాబు లేదు. ఫోటో అటూ ఇటూ తిప్పి, "కుర్చీలో కూర్చున్నది లేదా?" అని అడిగింది.

ఉంది. వెలుతురు చూసుకోవడానికి ఆయన మొదట్లో నాలుగైదు కొట్టారని నాకు గుర్తుంది. కిందికి దిగి మెయిల్ పెట్టాను. అవి ఎడిటింగ్‌లో పక్కన పెట్టేశాను, వెతకాలి అన్నారు. మూడు మెయిళ్ళు, ఒక ఫోను అయ్యాక పాత హార్డ్ డిస్క్‌లోంచి రెండు పంపారు. ఒకదాంట్లో అవ్వ చెయ్యి కదిలి మసకబారింది. రెండోది బాగుంది. వెనక పిల్లలు, ముందు ఎర్ర కుర్చీ, అందులో కాలు మీద కాలు వేసుకుని అవ్వ, నోరు తెరిచి నవ్వుతూ. పక్కన సగం తెగిపోయి నా మోచెయ్యి కూడా పడింది.

అది ప్రింట్ వేయించి మళ్ళీ వెళ్ళాను. గుమ్మం పైన మేకు కొట్టించి అప్పటికప్పుడు తగిలించింది, వచ్చినవాళ్ళందరికీ కుర్చీ నడిచొచ్చిన కథ దాన్ని చూపిస్తూ చెబుతోంది. అవార్డు ఫోటో ఏం చేశావని అడిగాను. రేకుపెట్టె తెరిచి చూపించింది. బట్టలకి చెమ్మ తగలకుండా అడుగున పరిచింది, బొమ్మ కిందికి పెట్టి. మందమైన కాగితం కదా, బాగా పనికొస్తోందట.

మీరు తీసినవాళ్ళకి ప్రింట్లు తీసుకెళ్తే మాత్రం లామినేషన్ చేయించి తీసుకెళ్ళండి. నేను ఆ మాట మర్చిపోయాను. మొదటి వానాకాలానికే కుర్చీ ఫోటో అంచులు లేచిపోయాయని కబురొచ్చింది, ఇంకోటి వేయించాలి.