అంబాసిడర్‌కు హెడర్ వేయించి, మళ్లీ పోత ఇనుప మానిఫోల్డ్‌కే ఎందుకు వచ్చాను

ఇంజను పొగను పోగుచేసి సైలెన్సర్ గొట్టానికి పంపే పోత ఇనుప మానిఫోల్డ్ పగిలింది కాబట్టి, దాని స్థానంలో హెడర్ (ఒక్కో దారికి ఒక్కో విడి గొట్టం ఉండే అమరిక) వేయించవచ్చా అని మీరు అడిగారు. మీ అంబాసిడర్‌లో ఉన్నది పాత 1489 సీసీ పెట్రోల్ ఇంజనై, కార్బురేటర్, క్యామ్‌షాఫ్ట్ (వాల్వులను తెరిచే ఇరుసు) మార్చకుండా ఉంటే, వద్దనే చెబుతాను. నా 1974 మార్క్-2 మీద ఈ ప్రయోగం చేసి, రెండేళ్లు వేగి, చివరకు పాతదే బిగించుకున్నాను.

ఈ ఇంజనులో నాలుగు సిలిండర్లకు ఎగ్జాస్ట్ దారులు మూడే. మధ్యనున్న రెండో, మూడో సిలిండర్లు హెడ్డులోనే (సిలిండర్ల పైమూతలోనే) కలిసి ఒకే దారిలో పొగ వదులుతాయి. ఒక సిలిండర్ పొగ మరొకదానికి అడ్డురాకుండా విడివిడి గొట్టాలు ఇవ్వడమే హెడర్ చేసే మేలు కనుక, లోపలే కలిసిపోయినవాటిని బయట ఎంత అందమైన గొట్టం వేసినా విడదీయలేము. నా బండికి పెరిగింది చప్పుడు మాత్రమే.

అసలు తలనొప్పి ఫ్లాంజీల దగ్గర, అంటే హెడ్డుకు ఆనించి బిగించే అంచు పలకల దగ్గర మొదలైంది. గాలి, పెట్రోలు లోపలికి వెళ్లే ఇన్‌లెట్, పొగ బయటికి వచ్చే ఎగ్జాస్ట్ రెండూ ఒకే పక్కన ఉండడం వల్ల ఒకే వాషరు రెండు ఫ్లాంజీలనూ కలిపి నొక్కాలి. ఒక వర్క్‌షాప్‌లో చేయించిన హెడర్ ఫ్లాంజి ఇన్‌లెట్ కంటే రెండు మిల్లీమీటర్లు పలుచగా ఉండడంతో వాషరు ఒకవైపే పట్టి, పొగ కారకుండా మధ్యలో పెట్టే ప్యాకింగ్ మూడుసార్లు కాలిపోయింది. లేత్ మీద, ఆ తేడాకు సరిపోయేలా ఒకవైపు మందంగా ఉండే మెట్టు వాషర్లు చేయించాకే ఆ బాధ తీరింది. పాత మానిఫోల్డ్‌లో ఎగ్జాస్ట్ వేడి ఇన్‌లెట్ అడుగుకు తగిలి పెట్రోలు ఆవిరి కావడానికి తోడ్పడేది. హెడర్‌తో ఆ సాయం పోయి, డిసెంబరు ఉదయాల్లో బండి చాలాసేపు తడబడేది. వేడి బయటికి రాకుండా గొట్టాలకు పట్టీ చుట్టిస్తే, అది వానాకాలపు తడిని పట్టి ఉంచి గొట్టాన్నే తుప్పు పట్టించింది.

జంట కార్బురేటర్లు, వేరే క్యామ్ వేయించి, హెడ్డు దారులను సాపు చేయించినవారి సంగతి వేరు. వారికి హెడర్ పనికొస్తుంది.

మీ మానిఫోల్డ్‌ను పారేయకండి. పోత ఇనుము వెల్డింగ్ తెలిసినవారి చేత ముందుగా వేడి చేయించి, నికెల్ రాడ్‌తో అతికించి, నిదానంగా చల్లారనివ్వమనండి. ఆ తర్వాత ఇన్‌లెట్‌ను దానికి బిగించి, రెండింటికీ కలిపి ఒకేసారి ఫేసింగ్ (హెడ్డుకు ఆనే ముఖాన్ని మిషను మీద చదును చేయడం) చేయించండి. విడివిడిగా చేయిస్తే రెండు ముఖాలూ ఒకే మట్టానికి రాక, కొత్త ప్యాకింగ్ కూడా నిలవదు.