గ్లాడిస్ నైట్ గురించి రాస్తున్న అమ్మాయికి

అమ్మాయికి, ఆశీస్సులు.

నీ వ్యాసం శ్రద్ధగా చదివాను. వాక్యం నీకు బాగా పట్టుబడింది. కానీ మోటౌన్ అనే అమెరికా రికార్డు కంపెనీలో గాయని గ్లాడిస్ నైట్‌కి జరిగిన అన్యాయానికే ముప్పాతిక వ్యాసం ఇచ్చేశావు. 1973లో ఆమె బయటికొచ్చాక జరిగినదంతా 'ఇక ఆమె వెనుదిరిగి చూడలేదు' అని ఒక్క ముక్కలో ముగించావు. నాకు తెలుసుకోవాలనిపించింది మాత్రం ఆ ముక్క వెనకున్న సంగతే.

అన్యాయం లేదని కాదు. 1966లో మోటౌన్‌లో చేరడం ఆమెకి ఇష్టం లేదు. సుప్రీమ్స్, టెంప్టేషన్స్ లాంటి పేరున్న బృందాలు ఉన్నచోట తమది రెండో వరసే అవుతుందని భయం. 'ఐ హర్డ్ ఇట్ త్రూ ద గ్రేప్‌వైన్' పాటని గ్లాడిస్, ఆమె బృందం పిప్స్ 1967లో అమెరికా పాప్ చార్టులో రెండో స్థానం దాకా తీసుకెళ్లారు. మరుసటి ఏడు అదే పాట, అదే కంపెనీ నుంచి, మార్విన్ గే గొంతులో వచ్చి మొదటి స్థానానికి వెళ్లింది. ఈ ఒక్క సంగతి చెప్పు, చాలు. పాఠకుడికి మిగతాది అర్థమవుతుంది.

దానికన్నా ముందు, లేబుల్ అంటే, అంటే రికార్డు కంపెనీ అంటే ఏంటో చెప్పు. మన పాఠకుల్లో చాలామందికి పాట అంటే సినిమా పాటే. ఏ పాట పాడాలి, వాయిద్యాలు ఎవరు వాయించాలి, ఏది ఎప్పుడు విడుదల చేయాలి అన్నవి కంపెనీ తేల్చే రోజులవి. కంపెనీ వదిలితే పాత రికార్డింగులు అక్కడే ఉండిపోతాయి. మరి గాయని తనతో ఏం తీసుకెళ్లగలదు? నీ వ్యాసం పట్టుకోవాల్సిన ప్రశ్న ఇదమ్మా.

జవాబులో సగం జిమ్ వెదర్లీ. మిసిసిపీ నుంచి వచ్చిన రచయిత, కంట్రీ అనే అమెరికా పల్లె బాణీ మనిషి. మోటౌన్‌లో వాళ్ల చివరి పెద్ద హిట్ 'నైదర్ వన్ ఆఫ్ అజ్' ఆయన రాసిందే. బుద్ధా రికార్డ్స్‌కి మారాక, 1973 అక్టోబరులో మొదటి స్థానానికి వెళ్లిన 'మిడ్‌నైట్ ట్రెయిన్ టు జార్జియా' కూడా ఆయనదే. నువ్వేమో మొదటి పాటలోని వీడ్కోలుని ఆమె కంపెనీకి చెప్పిన వీడ్కోలుగా రాశావు. వద్దు. విడిపోలేని ఒక జంట గురించిన పాట అది. కంపెనీ మారినా అదే కలం వెంట వచ్చిందన్న నిజం నీ చేతిలో ఉండగా ఆ పోలిక ఎందుకు?

రెండో పాట మొదట విమానం పాట, వెళ్లేది హ్యూస్టన్ నగరానికి. సిస్సీ హ్యూస్టన్ అనే గాయని పాడినప్పుడు అది రైలై, వెళ్లేది జార్జియా రాష్ట్రానికి అయింది. తర్వాత అదే రాష్ట్రంలోని అట్లాంటాలో పుట్టి పెరిగిన గ్లాడిస్ దగ్గరికి వచ్చింది. ఆ పాట చివర ఆమె వేసే సంగతులు ఉన్నాయి చూశావా, అవి అన్న బబ్బా హెడ్‌ఫోన్స్‌లో అందిస్తుంటే పాడినవి. నాకు చాలా ఇష్టమైన వివరం ఇది. పిప్స్ అంటే ఆ అన్న, ఇద్దరు కజిన్స్. చిన్నప్పట్నుంచీ కలిసి పాడినవాళ్లు. ఆమె తీసుకెళ్లగలిగిన రెండో సగం ఆ ముగ్గురే. నీ వ్యాసంలో వాళ్ల పేర్లయినా లేవు.

1974 గ్రామీల్లో ఈ రెండు పాటలకీ అవార్డులొచ్చాయి. పాప్ విభాగంలో వదిలేసిన కంపెనీ పాటకి, ఆర్ అండ్ బి (నల్లజాతి అమెరికన్ల బాణీ) విభాగంలో కొత్త కంపెనీ పాటకి. ఈ సంగతి నీ వ్యాసంలో అడుగున ఎక్కడో ఉంది. పైకి తీసుకురా.

ఇక 'వెనుదిరిగి చూడలేదు' అన్నది నిజం కాదు. 1970ల చివర్లో కోర్టు గొడవల వల్ల గ్లాడిస్, పిప్స్ కలిసి రికార్డు చేయలేకపోయారు. ఆమె ఒకవైపు, వాళ్లొకవైపు ఆల్బమ్‌లు చేసుకున్నారు. మోటౌన్ నుంచి తనతో తెచ్చుకున్న మనుషులే దూరమైన కాలం అది. 1980లో కొలంబియా అనే రికార్డు కంపెనీలో మళ్లీ కలిశారు. 1987లో ఎంసీఏ అనే మరో కంపెనీ నుంచి వచ్చిన 'లవ్ ఓవర్‌బోర్డ్' ఆర్ అండ్ బి చార్టులో మొదటి స్థానానికి వెళ్లింది, గ్రామీ కూడా తెచ్చింది. ఆ తర్వాతే ఆమె పిప్స్‌ని విడిచి పూర్తిగా ఒంటరిగా పాడటం మొదలుపెట్టింది.

టెన్షన్ పడకు, మొత్తం తిరగరాయక్కర్లేదు. మోటౌన్ భాగం ఒక పేరాకి కుదించు. ఆమె ఒంటరిగా చేసిన ఆ మధ్యకాలపు ఆల్బమ్‌లు విను, పిప్స్ లేని లోటు నీ చెవికి ఎక్కడెక్కడ తెలిసిందో రాసిపెట్టుకో. ఆ కాగితాలు ముందు నాకు పంపు, వ్యాసం తర్వాత చూద్దాం.