‘రెండు చోట్లా సీటొస్తే ఎక్కడ చేరతావు?’ అని మెడికల్ స్కూల్ ఇంటర్వ్యూలో అడిగితే

మీ అమ్మాయి హ్యూస్టన్‌లో పెరిగింది, త్వరలో లబక్‌లోని టెక్సస్ టెక్ మెడికల్ స్కూల్‌లో ఇంటర్వ్యూ ఉంది. ‘డాలస్‌లోనూ, మా దగ్గరా సీటొస్తే ఎక్కడ చేరతావు?’ అని అడుగుతారని తెలిసి టెన్షన్ పడుతోంది. ‘మీ కాలేజే నాకు ఫస్ట్ అనేస్తే సరిపోదా?’ అన్నది మీ ప్రశ్న. సరిపోదండీ. నేను టెక్సస్‌లోనే మెడిసిన్ చదివాను. దరఖాస్తు చేసుకున్నప్పుడు ఈ ప్రశ్న నన్నూ అడిగారు. నాలుగో సంవత్సరంలో స్టూడెంట్ ఇంటర్వ్యూయర్‌గా అడిగే వైపు కూడా కూర్చున్నాను.

ముందు పద్ధతి ఎలా ఉంటుందో చూడండి. టెక్సస్ ప్రభుత్వ మెడికల్ కాలేజీలకు టీఎండీఎస్ఏఎస్ అనే ఉమ్మడి దరఖాస్తు సర్వీసు ద్వారా దరఖాస్తు చేస్తారు. అక్టోబర్ మధ్య నుంచి కొందరికి ప్రీమ్యాచ్ ఆఫర్లు, అంటే మ్యాచ్‌కి ముందే సీటు ఆఫర్లు, వస్తాయి. ఆ తర్వాత, ఇంటర్వ్యూ అయిన కాలేజీలను మీ అమ్మాయి తన ఇష్టం ప్రకారం వరుసలో పెడుతుంది. కాలేజీలు కూడా తమ వరుస ఇస్తాయి. ఈ రెండు వరుసలనూ జతపరిచి సీటు తేల్చడమే మ్యాచ్, ఫిబ్రవరిలో దాని ఫలితం వస్తుంది. ఆమె పెట్టిన వరుస కాలేజీలకు కనిపించదు.

మన దగ్గర నీట్ కౌన్సెలింగ్‌లో వెబ్ ఆప్షన్లు పెట్టుకున్నప్పుడు, ఉస్మానియా ముందు, గాంధీ తర్వాత ఎందుకు పెట్టావని ఎవరూ అడగరు. ర్యాంకుంటే సీటు. అందుకే మన ఇళ్లలో అమ్మానాన్నలకు ఈ ప్రశ్న మాటవరసకి అడిగేదిలా అనిపిస్తుంది. ‘అవునను, పోయేదేముంది’ అంటారు. మా ఇంట్లోనూ అదే మాట. కానీ ఇక్కడ ఎదురుగా కూర్చున్న మనిషికి ఆ జవాబు నిజంగా కావాలి.

ఎందుకంటే టెక్సస్ ప్రభుత్వ మెడికల్ కాలేజీలు బయటి రాష్ట్రాల వాళ్లను 10 శాతానికి మించి తీసుకోకూడదు. అంటే అన్ని కాలేజీలూ దాదాపు ఒకే గుంపులోంచి ఎంచుకుంటాయి. ఇంటర్వ్యూ చేసే ప్రొఫెసర్‌కు ఈ అమ్మాయి డాలస్‌కో శాన్ ఆంటోనియోకో కూడా వెళ్తుందని తెలుసు. కాబట్టి ‘మీరే ఫస్ట్’ అన్న మాటతో ఆయనకు తెలిసేదేమీ ఉండదు. ఆయన తెలుసుకోవాలనుకునేది వేరు. ఎనిమిది గంటలకు పైగా డ్రైవ్ చేస్తే గాని ఇల్లు రాని చోట ఈ పిల్ల నాలుగేళ్లు ఉండగలదా? అసలు మా కాలేజీ ఎవరికోసం పనిచేస్తుందో చూసి వచ్చిందా?

నేను ఇంటర్వ్యూలు చేసినప్పుడు ఇదే గమనించాను. మొదటి ఎంపిక అని గట్టిగా చెప్పి, ‘ఎందుకు’ అంటే వెబ్‌సైటులో మొదటి పేజీలో ఉన్న మాటలే అప్పజెప్పిన వాళ్లు చాలామంది. ఒక అబ్బాయి మాత్రం, ‘అమ్మానాన్నలు వేరే ఊళ్లో ఉన్నారు, అటు లాగుతుందని ఒప్పుకుంటాను. కానీ ఇక్కడి స్టూడెంట్లు నడిపే ఫ్రీ క్లినిక్‌లో మొదటి సంవత్సరం నుంచే పేషెంట్లను చూడొచ్చు, నాకు అది చాలా ముఖ్యం’ అన్నాడు. అతని మాట నమ్మడానికి నాకు ఆలోచించాల్సిన పని పడలేదు. వేరే కాలేజీకి దగ్గర్లో కుటుంబం ఉండటం మైనస్ కాదు, దాన్ని దాచడమే ఇబ్బంది. అప్లికేషన్‌లో ఊరు రాసే ఉంటుంది కదా.

నన్ను ఒక కాలేజీలో ఇంకో కాలేజీ పేరు చెప్పి మరీ అడిగారు, ఆ కాలేజీయా మేమా అని. ‘నాకు ఇంకా ఇంటర్వ్యూలు ఉన్నాయి, వరుస తేల్చుకోలేదు. తేల్చేటప్పుడు చూసేది ఊళ్లలో పనిచేసే అవకాశం, ప్రొఫెసర్లు ఎంత దగ్గరగా నేర్పుతారన్నది. మొదటి దాంట్లో మీరు ముందున్నారు’ అన్నాను. ఆ జవాబు వల్లే మంచి జరిగిందని చెప్పలేను గానీ, మిగతా సమయమంతా మా మాటలు గ్రామీణ రొటేషన్, అంటే పల్లెల్లో చేసే క్లినికల్ శిక్షణ, మీదే నడిచాయి.

మీ అమ్మాయికి లబక్ గురించి చెప్పడానికి బోలెడు ఉంది. టెక్సస్ టెక్ మెడికల్ స్కూల్ పశ్చిమ టెక్సస్ కోసం డాక్టర్లను తయారుచేస్తుంది. ఆ వైపు ఒక్క డాక్టరైనా లేని కౌంటీలున్నాయి. ఫ్యామిలీ మెడిసిన్ చేయాలనుకునే వాళ్లకు మూడేళ్లలోనే ఎండీ (అమెరికాలో మన ఎంబీబీఎస్ లాంటి డిగ్రీ) అయ్యే ట్రాక్ కూడా అక్కడుంది. వీటిలో ఆమెను నిజంగా ఆకట్టుకున్నది ఏదో ఆమే వెతుక్కోవాలి. మీరు చెప్పించిన వాక్యం వెనకాల రెండో ప్రశ్న వేస్తే నిలబడదు.

నిజంగానే లబక్ ఫస్ట్ అయితే కారణంతో సహా ధైర్యంగా చెప్పమనండి. ఆ మాట ఇంకెక్కడా చెప్పకూడదు, అంతే. వేరే కాలేజీని తక్కువ చేసి మాట్లాడొద్దు. అడిగేవారు అక్కడే చదువుకుని ఉండొచ్చు.

ఇంకొకటి. విజయవాడలోనో వరంగల్‌లోనో ఎంబీబీఎస్ చేసి ఇక్కడ రెసిడెన్సీకి వచ్చిన బంధువులు ‘అలా అడగడం రూల్స్‌కు విరుద్ధం, జవాబు చెప్పక్కర్లేదు’ అనొచ్చు. వాళ్లు చెప్పేది రెసిడెన్సీ, అంటే డిగ్రీ తర్వాత చేసే స్పెషాలిటీ శిక్షణ, మ్యాచ్ సంగతి. ఇంకెక్కడ అప్లై చేశావని ప్రోగ్రామ్‌లు అడగకూడదని, ఆ మ్యాచ్ నడిపే ఎన్ఆర్ఎంపీ సంస్థ నిబంధన ఉంది. అది మెడికల్ స్కూల్ ఇంటర్వ్యూలకు వర్తించదు. ఇక్కడ ‘ఎక్కడెక్కడ పెట్టావు?’ అంటే చిట్టా చదవనక్కర్లేదు గానీ, ‘టెక్సస్ కాలేజీలకే, ముఖ్యంగా ప్రైమరీ కేర్ మీద శ్రద్ధ పెట్టేవాటికి’ అన్నట్టు, ఉన్నదే క్లుప్తంగా చెప్తే చాలు.

వరుస పెట్టే రోజొచ్చినప్పుడు మాత్రం ఎక్కడ ఛాన్స్ ఎక్కువని లెక్కలేసుకోవద్దనండి. చేరాలనుకున్న క్రమంలోనే పెట్టాలి. పైన పెట్టిన చోట రాకపోయినంత మాత్రాన కింద ఉన్న కాలేజీలో అవకాశం తగ్గదు.