స్విట్జర్లాండ్‌లో చిన్న ఊరు పెద్ద మున్సిపాలిటీలో కలిస్తే ఊరి పేరు పోతుందా?

పోదు. పోయేది ఊరి సొంత పాలన. దీనికి మంచి ఉదాహరణ కొరిప్పో.

ఇటాలియన్ మాట్లాడే టిచీనో రాష్ట్రంలో, వెర్జాస్కా లోయ కొండవాలు మీద ఉంటుందీ ఊరు. రాతి గోడలు, పైన రాతి పలకల కప్పులు. 19వ శతాబ్దం మధ్యలో 300 మంది దాకా ఉండేవారు. బతుకుతెరువు కోసం తరతరాలుగా లోయ దిగిపోతూ ఉంటే చివరికి పదీ పన్నెండు మంది మిగిలారు, వాళ్లలోనూ ముసలివాళ్లే ఎక్కువ. దేశంలోకెల్లా చిన్న మున్సిపాలిటీ అని పేరైతే వచ్చింది. కానీ అక్కడ మున్సిపాలిటీ అంటే బోర్డు ఒక్కటే కాదు, సొంత పన్ను రేటు, బడ్జెట్, కౌన్సిల్ అన్నీ ఉండాలి. పన్నెండు మందిలో ఎవరు నిలబడతారు, ఎవరు ఓటేస్తారు?

అందుకే 2020 అక్టోబరులో కొరిప్పో, సోనోన్యో, ఫ్రాస్కో, బ్రియోనే, వోగోర్నోలతో పాటు మరో రెండు మున్సిపాలిటీల లోయ భాగాలు కూడా కలిసి ‘వెర్జాస్కా’ అయ్యాయి. ఊరు మాత్రం అదే పేరుతో అక్కడే ఉంది. 2022లో కొన్ని పాత ఇళ్లను బాగుచేసి హోటల్ గదులుగా తెరిచారు.

ఇది ఒక్క చోటి కథ కాదు. గ్లారుస్ రాష్ట్రంలో జనం మైదానంలో చేతులెత్తి ఓటేసి, 25 మున్సిపాలిటీలను ఏకంగా మూడు చేసేశారు. అది 2011లో అమల్లోకి వచ్చింది.

అసలు చిక్కు పాస్‌పోర్టులో వస్తుంది. స్విస్ పాస్‌పోర్టులో పుట్టిన ఊరు రాయరు, వంశం ఏ ఊరిదో రాస్తారు. మన ఇంటిపేర్లలో ఊరి పేరున్నట్టే అనుకోండి. విలీనమైతే సాధారణంగా అక్కడ కొత్త మున్సిపాలిటీ పేరు చేరుతుంది. పెద్దవాళ్లకు గుచ్చుకునేది అదే.