వికీపీడియా లింకులు పెడితే ప్రాజెక్టు వెనక్కి వచ్చిందా?

ఆధారాలన్నీ వికీపీడియావే అని మేడమ్ తిప్పి పంపారన్నారు కదా, ఆవిడ తప్పేం లేదండీ. చదువుల్లో తనను ఆధారంగా చూపొద్దని వికీపీడియానే చెబుతుంది. అలాగని చదవడం మానకండి. మీరు వాడుకున్న వాక్యం చివర బుల్లి అంకె ఉంటుంది, నొక్కితే అసలు వ్యాసం పేరు వస్తుంది. దాన్ని తెరిచి, ఆ మాట అందులో నిజంగా ఉందో లేదో కళ్లారా చూశాకే ఉదహరించండి. చూడకుండా ఎత్తి రాస్తే దొరికిపోతారు (నేను దొరికాను లెండి). పరిశోధన వ్యాసమైతే 10తో మొదలయ్యే డీఓఐ (ఆ వ్యాసానికి ఇచ్చే శాశ్వత గుర్తింపు కోడ్) కూడా రాయండి, సైటు చిరునామా మారినా అది మారదు. మామూలు పేజీకి రచయిత, తేదీ, శీర్షిక, సైటు పేరు, లింకు చాలు. రచయితా తేదీ రెండూ లేకపోతే నేనైతే వదిలేస్తాను. చాట్‌బాట్ ఇచ్చిన జాబితా ఉంటే ఒక్కొక్కటీ వెతికి చూడండి, లేని వ్యాసాలకీ పేర్లు పెట్టేస్తుంది.