ప్రాజెక్టు మీద ఫిర్యాదుకు బయలుదేరిన బిడ్డకు

చిరంజీవి బిడ్డకు పెద్దబాపు ఆశీర్వదించి రాయునది.

మొన్న రాత్రి మీ బాపు ఫోనులో సంగతి చెప్పినప్పటి నుంచి నాకు కంటిమీద కునుకు లేదు. మన చెరువు కింది పొలాల మీదుగా వేయబోయే రోడ్డు గురించి 60 కుటుంబాల తరఫున నువ్వు ఫిర్యాదు తయారు చేస్తున్నావని విన్నప్పుడు ఛాతీ పొంగింది. ఇంటింటికీ తిరిగి సంతకాలు, వేలిముద్రలు తీసుకుంటున్నావన్న మాట చెవిన పడగానే గుండె గుభేలుమన్నది. ఆ భయం ఎక్కడిదో చెప్పడానికే ఈ ఉత్తరం.

సోమవారం ప్రజావాణిలో అర్జీ ఇచ్చి రశీదు తీసుకో. రోడ్డు నక్షా, సర్వే నంబర్ల జాబితా సమాచార హక్కు చట్టం కింద అడుగు. 30 రోజుల్లో జవాబు రాకపోతే మొదటి అప్పీలు వెయ్యి. ఇవి నేను చెప్పకపోయినా నువ్వు చేసేవే.

అయితే భూమిని ఏ చట్టం కింద తీసుకుంటున్నారో మాత్రం అన్నిటికన్నా ముందు తేల్చుకో. జాతీయ రహదారి అయితే 1956 నాటి చట్టం ప్రకారం ప్రకటన వెలువడిన 21 రోజుల్లోపే అభ్యంతరం చెప్పాలి. 2013 భూసేకరణ చట్టం కింద అయితే ప్రాథమిక ప్రకటన తరువాత 60 రోజులు ఉంటాయి. ఊళ్లో చాలామంది సర్వే వాళ్లు హద్దు పెగ్గులు పాతిన నాటి నుంచి రోజులు లెక్క పెడతారు, కానీ గడువు కాగితం మీద నడుస్తుంది, పెగ్గు మీద కాదు. ఇంకొకటి: పట్టాదారుల పేర్లు మాత్రమే రాసి ఊరుకోకు. మూడేళ్లుగా ఆ భూమినే నమ్ముకుని బతికిన కౌలుదారులనూ కూలీలనూ 2013 చట్టం బాధిత కుటుంబాలుగానే గుర్తిస్తుంది. వాళ్ల దగ్గర పాసుపుస్తకం ఉండదు కాబట్టి ఎవరూ వాళ్ల గడప తొక్కరు. నువ్వు తొక్కాలి.

ఇప్పుడు నా సంగతి విను. ముప్పై ఏళ్ల కింద మన ఊరి మీదుగా కాలువ తీసినప్పుడు నేను బడిపంతులును, ఊళ్లో ఇంగ్లిషు కాగితం చదవగలిగిన నలుగురిలో ఒకణ్ణి. నష్టపరిహారం పంచే రోజున బడి వరండాలోనే బల్ల వేశారు. గుమాస్తా ఒక్కొక్కరి ముందుకూ ఒక రశీదు కాగితం, ఇంకు పెట్టె జరుపుతున్నాడు. మన వాళ్లంతా నా వైపు చూస్తున్నారు. మా ఇంటి వెనుక వీధిలో ఉండే అవ్వకు రెండెకరాల నల్లరేగడి పోయింది, దానితోపాటు ఆమె పెనిమిటి స్వయంగా తవ్వుకున్న బావి కూడా పోయింది. అవార్డులో, అంటే పరిహారం ఇంతని అధికారి తేల్చిన ఉత్తర్వులో, భూమికి లెక్క కట్టారు, బావి ఊసే లేదు. ఆమె నా చెయ్యి పట్టుకుని, "సారూ, ఇండ్ల నా బాయి ఉన్నదా?" అని అడిగింది. నేను కాగితం అటూ ఇటూ తిప్పి చూసి, "పైసలు ముట్టినయని రాసుకుంటున్నరవ్వా, అంతే. ముందు తీసుకో, బాయి సంగతి తర్వాత అడుగుదాం" అన్నాను. పత్తి ఏరి పగిలిన బొటనవేలిని ఆమె కొంగుకు తుడుచుకుని ఇంకులో అద్దింది. గీతలు అరిగిపోయి ముద్ర సరిగా పడకపోతే గుమాస్తా రెండోసారి అద్దించాడు. నేను పక్కనే నిలబడి ఆమె మణికట్టు పట్టుకున్నాను.

అప్పటి 1894 భూసేకరణ చట్టంలో ఒక నిబంధన ఉండేది. సొమ్ము తీసుకునేటప్పుడు "అభ్యంతరంతో తీసుకుంటున్నాను" అని చెప్పకుండా తీసుకున్న మనిషికి, పరిహారం చాలలేదని కోర్టుకు పంపమని అడిగే హక్కు ఉండదు. ఒక్క వాక్యం బిడ్డా! ఆ రశీదు మీద పెన్నుతో ఆ ఒక్క వాక్యం రాసి ఉంటే సొమ్మూ చేతికి వచ్చేది, హక్కూ మిగిలేది. నలభై కుటుంబాలు నన్ను చూసి సంతకాలు పెట్టాయి. పక్క ఊరి వాళ్లకు ఎవరో తెలిసిన వకీలు చెప్పినందున వాళ్లు ఆ మాట రాసి తీసుకున్నారు. ఏళ్ల తరువాత కోర్టు వాళ్ల పరిహారం పెంచింది.

తప్పు అక్కడితో ఆగలేదు. ఒకే ప్రకటన కింద భూములు పోయిన వాళ్లలో ఒకరికి కోర్టు ధర పెంచితే, అసలు కోర్టుకే పోని మిగతా వాళ్లు కూడా ఆ తీర్పు వచ్చిన మూడు నెలల్లోపు దరఖాస్తు పెట్టుకుని అదే ధర అడగవచ్చని అదే చట్టంలో ఉండేది. అంటే మాకు రెండో తలుపు కూడా తెరిచే ఉండింది. పక్క ఊరి తీర్పు సంగతి నాకు ఒక పెళ్లి పందిట్లో తెలిసింది. అప్పటికి ఐదు నెలలు గడిచిపోయాయి. ఆ అవ్వ నన్ను ఏనాడూ ఒక్క మాట అనలేదు. ఎదురుపడితే "బాగున్నవా సారూ" అనే అడిగేది. దానికి జవాబు చెప్పలేక నేను ఆ వీధిలో నడవడం మానుకున్నాను.

ఈ రెండు నిబంధనలూ 2013 చట్టంలోకీ వచ్చాయి, మొదటిది 77వ సెక్షన్‌లో, రెండోది 73వ సెక్షన్‌లో. అవార్డు ప్రకటించేటప్పుడు అక్కడే ఉన్నవాళ్లు అది చాలదనుకుంటే ఆరు వారాల్లోపు దరఖాస్తు ఇవ్వాలి. అందుకే నువ్వు తీసుకుంటున్న సంతకాల మాట వినగానే నాకు భయమేసింది. నీ కాగితం మంచిదే కావచ్చు. కానీ పైన ఏమి రాసి ఉందో చదివి వినిపించకుండా ఒక్క వేలిముద్ర కూడా తీసుకోవద్దు. ఖాళీ కాగితం మీద సంతకాలు తీసుకుని తరువాత పైన రాసుకుందామని ఎవరైనా అంటే, వాళ్లు ఎంత దగ్గరి వాళ్లయినా సరే, ఆ కాగితం అక్కడే చింపెయ్యి. కోప్పడుతున్నానని అనుకోకు.

ఈ పనికి విదేశీ బ్యాంకు అప్పు కూడా ఉందని మీ బాపు అన్నాడు. అది నిజమో కాదో, ఏ బ్యాంకో సమాచార హక్కు దరఖాస్తులోనే అడుగు. ప్రపంచ బ్యాంకు అయితే దానికి ఇన్‌స్పెక్షన్ ప్యానెల్ అని ఫిర్యాదులు వినే సంఘం ఒకటి ఉంది. నర్మదా లోయ జనం సర్దార్ సరోవర్ డ్యాం మీద ఏళ్ల తరబడి పోరాడాక, 1993లో ఆ డ్యాముకు బ్యాంకు ఇస్తున్న అప్పులో మిగతాది రద్దయ్యాక, అదే ఏడాది ఆ ప్యానెల్ పుట్టింది. నష్టపోయిన వాళ్లు ఇద్దరుంటే చాలు, తెలుగులోనే రాయవచ్చు, పేర్లు బయటపెట్టవద్దని కోరవచ్చు. ముందుగా బ్యాంకు అధికారులకు చెప్పుకున్నామని మాత్రం చూపించాలి. ఆసియా అభివృద్ధి బ్యాంకుకూ ఇలాంటి ఏర్పాటే ఉంది. కాని ఆ ప్యానెల్ కోర్టు కాదు, పరిహారం ఇప్పించదు. బ్యాంకు తన నియమాలను తాను పాటించిందా లేదా అన్నదే చూస్తుంది. అమరావతి రైతులు కొందరు 2017లో ప్రపంచ బ్యాంకు ప్యానెల్‌కు రాశారు. 2019 జూలైలో కేంద్రం అప్పు అభ్యర్థననే వెనక్కి తీసుకుంది. 2024 డిసెంబరులో అదే రాజధానికి అదే బ్యాంకు మళ్లీ అప్పు మంజూరు చేసింది. కాబట్టి ఆ తలుపు తట్టు, కానీ దాన్నే నమ్ముకుని ఇక్కడి గడువులు పోగొట్టుకోకు.

ఒంటరిగా ఏ ఆఫీసుకూ పోవద్దు. పొద్దుగూకాక పిలిస్తే అసలే పోవద్దు. ఆడపిల్లవని అంటున్న మాట కాదు, నీ తమ్ముడికైనా ఇదే చెప్పేవాణ్ణి. ప్రతి అర్జీకీ రెండు జిరాక్సు ప్రతులు తీయించి ఒకటి మా ఇంట్లో పెట్టు. నా ట్రంకు పెట్టెలో చోటుంది. మధ్యాహ్నం అన్నం మానేసి తిరుగుతున్నావని మీ అమ్మ బాధపడుతోంది, అది కూడా కాస్త చూసుకో.

ఆ అవ్వ మనుమడి అరెకరం కూడా ఈ రోడ్డులో పోతోందని మీ బాపు చెప్పాడు. అతని దగ్గర ఇంకా సంతకం తీసుకోకపోతే ఆగు. ఆదివారం నేను ఊరికి వస్తున్నాను. ఆ కాగితం అతనికి నేనే చదివి వినిపిస్తాను.

మీ పెద్దబాపు