విమానాల చప్పుడు మీద కూడా చదువుంటుందా?

ప్రశ్న: శంషాబాద్ పక్కన ఒక ఊళ్ళో ఉంటాం. నేను ఎయిర్‌పోర్ట్ క్యాబ్ నడుపుతాను. బిడ్డ బీటెక్ సివిల్ మూడో సంవత్సరం. మిద్దె మీద కూర్చుని, విమానం పోయినప్పుడల్లా ఫోన్‌లో చప్పుడు కొలిచి నోట్‌బుక్‌లో రాసుకుంటోంది. ఎయిర్‌పోర్టుల చప్పుడు, చుట్టూ భూముల ప్లానింగ్ మీదే పెద్ద చదువు చదువుతానంటోంది. అలాంటి చదువు ఉందా? ఉద్యోగాలొస్తాయా? అందరిలా సాఫ్ట్‌వేర్ కోర్సులో చేరమంటే వినడం లేదు. ఇంటి మీద ఇంకో అంతస్తు వేద్దామని దాచిన డబ్బు ఫీజులకు పెట్టాలా అని టెన్షన్‌గా ఉంది.

జవాబు: ఆ నోట్‌బుక్‌ను మాత్రం పారేయనివ్వకండి. ఎందుకో తర్వాత చెబుతాను.

ఈ పేరుతో డిగ్రీ ఇచ్చే కాలేజీ కోసం వెతకొద్దు. ఇది రెండు పనులు కలిసే చోటు. ఒకటి భూమి, అంటే ఎక్కడ ఇళ్ళు కట్టనివ్వాలి, ఎక్కడ గోడౌన్లు, ఎక్కడ బడి వద్దు అని తేల్చే ప్లానింగ్. రెండోది శబ్దం, అంటే కొలవడం, లెక్క కట్టడం, మ్యాపు గీయడం. ఒకటి డిగ్రీగా, రెండోది చేతి పనిగా నేర్చుకోవాలి. సివిల్ చదివిన అమ్మాయికి నేనైతే ప్లానింగ్‌నే డిగ్రీగా తీసుకోమంటాను.

కారణం చెప్పాలంటే బేగంపేట పాత ఎయిర్‌పోర్ట్ గుర్తు చేసుకోవాలి. నేను చదువుకునే రోజుల్లో మా బడి ఆ రన్‌వేకి దగ్గర. లెక్కల సారు బోర్డు మీద సమీకరణం సగం రాసి, చాక్‌పీస్ అలాగే పట్టుకుని విమానం దాటిపోయేదాకా ఆగేవారు. చుట్టూ ఊరు పెరిగిపోయింది, ఎవరూ ఏమీ చేయలేని పరిస్థితి. చివరికి 2008 మార్చిలో ప్రయాణికుల విమానాలన్నీ శంషాబాద్‌కు మారాయి. ఇళ్ళు వచ్చేశాక చేయగలిగింది తక్కువ, రాకముందు చేయగలిగింది చాలా ఎక్కువ. శంషాబాద్‌కు సుమారు 5,500 ఎకరాలు తీసుకున్నా, చప్పుడు కాంపౌండ్ గోడ దగ్గర ఆగదు. మొదట్లో ఎయిర్‌పోర్ట్ పరిసరాలకు హాడా అని ప్రత్యేక సంస్థే ఉండేది, 2008లో అది హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ హెచ్‌ఎండీఏలో కలిసింది. ఇప్పుడు ఆ భూముల మాస్టర్ ప్లాన్ చూసేవాళ్ళ పక్కన, చప్పుడు సంగతి తెలిసిన మనిషి కూర్చోవాలి. మీ బిడ్డ ఆ కుర్చీ కోసం చదవాలని నా ఉద్దేశం.

ప్రపంచమంతా ఈ పనికి ఒక చట్రం ఉంది. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ ఐకావో 2001లో దీన్ని ఒప్పుకుంది: విమానమే తక్కువ చప్పుడు చేసేలా తయారు చేయడం, చుట్టూ భూమి వాడకాన్ని అదుపులో పెట్టడం, విమానాలు లేచే, దిగే పద్ధతులు మార్చడం, ఇవేవీ చాలనప్పుడు కొన్ని విమానాలకు లేదా కొన్ని వేళలకు ఆంక్షలు పెట్టడం. మొదటిది ఇంజిన్లు చేసే కంపెనీల పని. మూడోది కంట్రోల్ టవర్, ఎయిర్‌లైన్స్ పని. సివిల్ చదివినవాళ్ళ చేతికి వచ్చేది రెండోదే.

మన దగ్గర నియమాలు లేకపోలేదు. 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమాల ప్రకారం ఇళ్ళుండే చోట పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ హద్దు. ఎయిర్‌పోర్టులకు 2018లో కేంద్ర పర్యావరణ శాఖ వేరే ప్రమాణాలిచ్చింది: ఏడాదికి విమానాలు లేవడం, దిగడం కలిపి 50 వేలు మించిన చోట పగలు 70, రాత్రి 65. ఈ రెండు హద్దుల మధ్య తేడా 15 నుంచి 20 డెసిబెల్స్. చెవికి చప్పుడు రెట్టింపు అనిపించడానికి సుమారు 10 చాలు. ఆ తేడా ఉన్న నేల మీద ఏం కట్టనివ్వాలన్నదే ఈ చదువులో సగం. గోడౌన్, కోల్డ్ స్టోరేజీ, విమానాల రిపేరు షెడ్డు, ఏసీ ఆఫీసు పెట్టుకోవచ్చు. బడి, ఆసుపత్రి, ఇల్లు వద్దు.

అమెరికాలో రాత్రి 10 నుంచి ఉదయం 7 దాకా పోయే ప్రతి విమానానికీ లెక్కలో 10 డెసిబెల్స్ కలుపుతారు. అంటే ఒక రాత్రి విమానం పది పగటి విమానాలతో సమానం. అర్ధరాత్రి గల్ఫ్ ఫ్లైట్లకు బేరాలు కొట్టే మీకు ఈ లెక్క నేను విడమర్చి చెప్పాలా? అలా రోజంతా కలిపి తీసిన సగటు 65 దాటితే ఇళ్ళకు పనికిరాదని వాళ్ళ లెక్క. దాటిన చోట ఇళ్ళకు మంచి కిటికీలు బిగించి సర్దుకుంటారు. ఆ ఉపాయం వెనక కిటికీ మూసే ఉంటుందన్న నమ్మకం ఉంది. మే నెలలో మన ఊళ్ళో కిటికీ ఎవరు మూస్తారు? బయటి పుస్తకం చదివి మన ఎండకు తగ్గట్టు మార్చగలిగినవాళ్ళే ఇక్కడ పనికొస్తారు.

చదువు విషయానికొస్తే, బీటెక్ అయ్యాక గేట్ అనే జాతీయ ప్రవేశ పరీక్ష రాసి ప్లానింగ్‌లో పీజీ చేయవచ్చు. మూడో సంవత్సరంలోనే గేట్ రాయడానికి వీలుంది. విజయవాడ స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్‌లో పర్యావరణ ప్లానింగ్ విభాగం ఉంది, మన మాసబ్ ట్యాంక్ దగ్గర జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ (జేఎన్ఏఎఫ్ఏయూ)లోనూ ప్లానింగ్ చెబుతారు. ఐఐటీ ఖరగ్‌పూర్‌ది పాత పేరు. పర్యావరణ ప్లానింగ్ విభాగం ఉంది కాబట్టి విజయవాడ నా మొదటి ఎంపిక, ఇంటికి వచ్చిపోవడానికీ దూరం కాదు.

ఉద్యోగాలు ఎక్కువగా పర్యావరణ కన్సల్టెన్సీల్లో ఉంటాయి. కేంద్ర పర్యావరణ శాఖ 2006 నోటిఫికేషన్ ప్రకారం ఎయిర్‌పోర్టుకు పర్యావరణ అనుమతి తప్పనిసరి. ఆ అనుమతికి కావలసిన పర్యావరణ ప్రభావ నివేదిక రాసే సంస్థలకు గుర్తింపునిచ్చే నాబెట్ పద్ధతిలో ఒక్కో అంశానికి ఒక్కో నిపుణుడుండాలి. వాటిలో శబ్దం, ప్రకంపనలు ఒక అంశం, భూమి వాడకం ఇంకో అంశం. రెండింటికీ పనికొచ్చే మనిషిని ఏ కన్సల్టెన్సీ వదులుకోదు. ఎయిర్‌పోర్ట్ నడిపే సంస్థలు, టౌన్ ప్లానింగ్ పోస్టులు, కాలుష్య నియంత్రణ మండలి కూడా ఉన్నాయి, కానీ ఉద్యోగ నోటిఫికేషన్ ఎప్పుడొస్తుందా అని కూర్చోవద్దు. మొదటి నాలుగైదేళ్ళు జీతం సాఫ్ట్‌వేర్ అంత ఉండదు. ఈ మాట దాచి మిమ్మల్ని ఒప్పించడం నాకిష్టం లేదు. అలాగని మీ సాఫ్ట్‌వేర్ కోర్సు మాట పూర్తిగా తప్పు కాదు: పైథాన్ ప్రోగ్రామింగ్, మ్యాపులు గీసే క్యూజీఐఎస్ సాఫ్ట్‌వేర్ నేర్చుకోమనండి. రెండూ ఉచితమే, రెండూ ఈ పనికి కావాలి. ఒకవేళ మనసు మారినా మ్యాపింగ్ కంపెనీల్లో పనికొస్తాయి.

ఇక ఆ నోట్‌బుక్. ఫోన్ యాప్ అంకెలను పెద్దవాళ్ళెవరూ నమ్మరు. కాలేజీ ఎన్విరాన్‌మెంట్ ల్యాబ్‌లో సౌండ్ లెవెల్ మీటర్ ఉంటే, క్యాలిబ్రేట్ చేసినదేనా, అంటే అంకెలు సరిగ్గా చూపుతోందని సరిచూసినదేనా అని అడిగి తీసుకుని, ఒక రోజు పగలూ రాత్రీ కొలవమనండి. పక్కన గాలి దిశ రాయాలి. మన రన్‌వేలు తూర్పు పడమరలుగా ఉన్నాయి, విమానం గాలికి ఎదురుగా లేస్తుంది. వానాకాలం పడమటి గాలిలో పడమర వైపు లేస్తాయి, చలికాలం గాలి తూర్పు నుంచి వీస్తే వరస తిరగబడుతుంది. తూర్పున తుక్కుగూడ వైపు వాళ్ళకు, పడమర వైపు వాళ్ళకు ఒకే నెలలో ఒకే మోత ఉండదు. ఆ అంకెల పక్కన 2008 నుంచి ఇప్పటిదాకా గూగుల్ ఎర్త్ పాత చిత్రాలు పెట్టి, ఇళ్ళు ఏ ఏడు ఎటు పెరిగాయో గీస్తే ఫైనల్ ఇయర్ ప్రాజెక్టు అయిపోయినట్టే. ఇంటర్వ్యూలో మార్కుల మెమో కన్నా దాన్నే ఎక్కువసేపు తిరగేస్తారు.

అంతస్తు డబ్బు ఇప్పుడే కదపకండి. గేట్ స్కోరు బాగుంటే పీజీకి నెలనెలా స్టైపెండ్ వచ్చే వీలుంది, ఆ స్కోరు చూసి తేల్చుకోండి. అంతస్తు వేసే రోజు వస్తే ముందు ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ రంగుల జోనింగ్ మ్యాపులో మీ స్థలానికి ఎంత ఎత్తు దాకా వీలుందో మీ అమ్మాయినే చూడమనండి. ఆ మ్యాపు ఎత్తు సంగతే చెబుతుంది, చప్పుడు సంగతి చెప్పదు. చప్పుడు పైనుంచే వస్తుంది కాబట్టి రేకులు వద్దు, స్లాబే వేయించండి. పడకగది ఎటువైపు పెట్టాలో ఆ నోట్‌బుక్ చూసి తనే చెబుతుంది.